‘ఐదే నిమిషాలు’: సటీకా తాత్పర్యం

మూలం: “కూర్చోండి మేడమ్, ఐదే నిమిషాలు, అచ్చం పాపే!”

అవతారిక. ప్యారిస్‌లో మోంమార్త్ర గుట్ట మీద, సాక్రె కర్ చర్చికి నాలుగడుగుల దూరంలో ప్లాస్ దు తెర్త్ర అనే కూడలి ఉంది. 1860 దాకా ఆ గుట్ట ప్యారిస్‌లో కలవని పల్లె. ఇప్పుడక్కడ ఈజిళ్లు వేసుకుని, వచ్చేపోయేవాళ్ల బొమ్మలు గీసే చిత్రకారులు బారులు తీరి ఉంటారు. లైసెన్సు ఇచ్చేది నగరపాలక సంస్థ. చదరపు మీటరు జాగాను ఇద్దరు వంతులవారీగా వాడుకోవాలి. మూలవాక్యం అలాంటి ఒక జాగాలోంచి, ఒక తెలుగు కుటుంబాన్ని చూసి, ఇంగ్లీషులో వెలువడింది. పాత్రలు: మూడేళ్ల పాప, కాళ్లు పీకుతున్న తల్లి, యూరోలను మనసులో రూపాయల్లోకి మార్చుకుంటున్న తండ్రి.

టీక. ‘కూర్చోండి’ అనగా కూర్చోబెట్టండి అని భావము. మూడేళ్ల పిల్ల తనంతట తాను కూర్చోదు గనుక, ‘ఫోన్‌లో పాటలు పెట్టి ఎదురుగా పట్టుకోండి’ అన్నది అధ్యాహార్యం. అలా పట్టుకుంటే పాప చూపు కిందికి వాలుతుంది కదా, బొమ్మలో మాత్రం తలెత్తి నవ్వుతోందేమి? అని శంక. ఆ వయసు పిల్లల కళ్లు చిత్రకారుడికి కంఠస్థమే గనుక, పాప చూడకపోయినా పని ఆగదని సమాధానం.

‘ఐదే నిమిషాలు’. ఇక్కడ వాచ్యార్థం బాధితం, లక్ష్యార్థమే గ్రాహ్యం. ‘కదలకుండా ఉంటే’ అన్న షరతు మింగేసిన మాట ఇది. ఇంతకూ ఆ గుట్ట మీద నిమిషాల లెక్కలు మొదటి నుంచీ అంతే. ఆ కూడలికి కొద్ది దూరంలోని బతో లవ్వార్ అనే పాత ఇంట్లో పికాసో 1905-06లో రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ చిత్రం వేశాడు. తాను ఎనభై తొంభైసార్లు కూర్చున్నానని ఆవిడే రాసుకుంది. చివరికి పికాసో తల భాగం చెరిపేసి, ఆవిడ ఎదుట లేకుండానే మళ్లీ వేసి ముగించాడు. పోలిక లేదన్నవాళ్లకు, మెల్లగా ఆవిడకే ఆ పోలిక వస్తుందిలే అన్నాడట. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది ఆ బొమ్మ.

‘అచ్చం పాపే’. అతిశయోక్తి. కాకపోతే దానికి శాస్త్రం తోడుంది. పెద్దవాళ్ల తలలో కళ్లు ఇంచుమించు సగం ఎత్తున ఉంటాయి. పసిపిల్లలకు నుదురు ఎక్కువ, గడ్డం తక్కువ కాబట్టి కళ్లు ఆ సగానికి దిగువన ఉంటాయి. పెన్సిలు రవంత పైకి జరిగిందా, పాప కాస్తా వాళ్ల మేనత్త అయి కూర్చుంటుంది. ఆ భయంతో వీధి చిత్రకారుడు కళ్లను ఇంకాస్త కిందికి, ఇంకాస్త పెద్దగా దించుతాడు. ఏ దేశం పిల్లలైనా అక్కడ బొమ్మల్లోకి ఎక్కేసరికి ఒక తల్లి బిడ్డల్లా కనబడటం అందుకే.

మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టేసుకున్న వ్యాఖ్యాత. ఈజిల్ ముందున్న వ్యాఖ్యాతకు ఆ పట్టింపు లేదు. మూలంలో లేని పొడుగాటి కనురెప్పలు చేర్చాడు. మూలంలో ఉన్న చీమిడిని లోపింపజేశాడు. బుగ్గ మీది దిష్టిచుక్కను పుట్టుమచ్చ అనుకుని, వేలితో బొగ్గు రుద్ది మరీ స్థిరపరిచాడు. ఇది ప్రక్షిప్తమా కాదా అని మొగుడూ పెళ్లాలు మెట్రో ఎక్కేదాకా వాదించుకున్నారు. ‘బొమ్మకు మాత్రం దిష్టి తగలదా?’ అని నాయనమ్మ ఫోన్‌లో సిద్ధాంతం చెప్పాక చర్చ ముగిసింది.

పాఠాంతరం. చుట్టుపక్కల సందుల్లో అట్ట చేతబట్టుకుని తిరిగేవాళ్ల పాఠం వేరు. ‘పాప ఎంత ముద్దుగా ఉంది!’ అంటూనే గీత మొదలెడతారు. ధర సంగతి బొమ్మ సగమయ్యాక. ఈ పాఠం అగ్రాహ్యం.

తాత్పర్యం. ధర, సైజు, రంగా నలుపా అన్నది పాప కుర్చీ ఎక్కకముందే తేల్చుకోవాలి. పోలిక గురించి బేరం కుదరదు. బొగ్గూ పాస్టెలూ వేలు తగిలితే చెదిరిపోతాయి, అందుకని ఫిక్సేటివ్ స్ప్రే కొట్టించి, పైన పల్చటి కాగితం వేయించి, గొట్టంలో చుట్టించుకోవాలి. ఆ గొట్టాన్ని పాప చేతికి ఇవ్వకండి.