పెట్టె కొనే ముందు చెవి ఆనించాలి

మా రోజుల్లో హార్మోనియం కొనడానికి ఎవడూ ఒంటరిగా పోయేవాడు కాదు. ఆదోని బజారుకు మా భజన గురువు ముందు నడిస్తే వెనక మేం నలుగురం. ఆయన కూర్చోగానే పాట వాయించేవాడు కాదు. తిత్తి నింపి, మెట్టేదీ నొక్కకుండా, అది ఎంతసేపట్లో కుంగుతుందో చూసేవాడు. గబుక్కున కుంగితే గాలి ఎక్కడో కారుతున్నట్టే, ఆ పెట్టె పక్కకు పోవాల్సిందే. ఆ తర్వాత ఒక్కో మెట్టూ నొక్కి, చెవి ఆనించి, రీడు జీరపోతోందేమో వినేవాడు. రంగు సంగతి, నగిషీ సంగతి ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పటి పిల్లలు కంప్యూటరు కొనే తీరు చూస్తే నాకు కడుపు మండుతుంది. ఫోనులో బొమ్మ చూస్తారు, నెలనెలా కంతులకు ఒప్పుకుంటారు, మీటల కింద రంగుదీపాలు వెలిగే లాప్‌టాప్ ఇంటికి తెస్తారు. దేనికయ్యా అంటే ఉరుకుంద ఈరన్నస్వామి పాటలు రికార్డు చేయడానికట. అది ఆటల కోసం చేసిన యంత్రం. కాస్త పని పడితే చాలు, వేడెక్కి లోపలి ఫ్యాను హోరెత్తుతుంది. పక్కనే మైకు. పాట వెనక ఆ హోరంతా ఎక్కుతుంది. కొనేముందు ఒక్కడైనా చెవి ఆనించి విన్నాడా?

శ్రావణమాసం వస్తే ఆ స్వామి గుడికి పోయే ఉరుకుంద దారులన్నీ మనుషులే. సోమవారం, గురువారం మరీ ఎక్కువ. అటు రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు కాబట్టి ఒక గుంపు తెలుగులో పాడితే పక్క గుంపు కన్నడంలో అందుకునేది. ఆ పాటలు క్యాసెట్టు మీద నిలపాలని మాకు ఎంత ఆశ ఉండేదో! స్టూడియో అంటే దూరాభారం, గంటల లెక్కన అద్దె. మా దగ్గర ఉన్నది ఒక టేప్‌రికార్డరు, ఒక్క మైకు. డోలక్ మోత ఎక్కువైతే డోలక్ మనిషిని రెండడుగులు వెనక్కి జరిపేవాళ్లం. ఎవరు తప్పినా మొదటి నుంచి పాడాల్సిందే.

మూడేళ్ల కిందట మా మనవడి యంత్రంలో ఒక దుకాణం వాళ్లు దొంగ సాఫ్ట్‌వేరు ఎక్కించి ఇచ్చారు. సరిగ్గా శ్రావణానికి వారం ముందు అది పడకేసింది. అందులోని ముప్పై పాటలూ పోయాయి. వాడి కళ్లలో నీళ్లు చూశాక ఇక నేనే పూనుకున్నాను. "తాతా, నీకెందుకు ఇవన్నీ" అన్నాడు. ఎందుకు కాదురా? పెట్టె ఏదైనా చూసి కొనే పద్ధతి ఒకటే.

ముందు రాస్ప్‌బెర్రీ పై చూశాం. 2012లో 35 డాలర్లకు వచ్చిన అరచేతి కంప్యూటరు అది. మంచిదే, కానీ దానికి మైకు పెట్టే రంధ్రమే లేదు. ఐదో రకం దగ్గరకు వచ్చేసరికి ఇయర్‌ఫోను రంధ్రం కూడా తీసేశారు. విడిగా యుఎస్‌బి సౌండుపెట్టె కొనక తప్పదు. చివరికి ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్ తీసుకున్నాం. లావుపాటి పుస్తకమంత ఉంటుంది. 8 జీబీ మెమరీ, ఎస్‌ఎస్‌డి. మూత విప్పితే రేపు మెమరీ పెంచుకోవచ్చు, దుమ్ము దులుపుకోవచ్చు. అరగంట నడిపించి, చెవి ఆనించి విన్నాకే డబ్బులిచ్చాను. మిగిలిన డబ్బు సౌండుపెట్టెకూ మైకుకూ పెట్టాం. కరెంటు పోయే ఊరు కనుక యూపీఎస్ ఒకటి.

సాఫ్ట్‌వేరు అంతా ఓపెన్ సోర్సే. ఉబుంటు స్టూడియో, అందులో పాటలు రికార్డు చేసే ఆర్డోర్. దాన్ని మొదలుపెట్టిన పాల్ డేవిస్, లోపలి రాత అంతా అందరి ముందూ పెట్టాడు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. భజన బాణీ మాకు అట్లాగే వచ్చింది. నేర్చుకున్నవాడు దాచుకోకుండా పక్కవాడికి నేర్పాడు. దొరికే ఇంత మంచి సొత్తును వదిలి దొంగసరుకు వెంట పడే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధ.

పరీక్షించాల్సిన మరో సంగతి, మైకులో పాడింది ఇయర్‌ఫోనులో వినిపించడానికి పట్టే ఆలస్యం. సెకనుకు 48,000 నమూనాల లెక్కన, బఫరు, అంటే యంత్రం ఒక్కసారి పోగేసే నమూనాలు, 128 పెడితే లోపలికీ బయటికీ కలిపి ఐదు మిల్లీ సెకన్ల పైచిలుకు. ఆ సేపట్లో గాలిలో చప్పుడు ఆరడుగులు పోతుంది. భజనలో హార్మోనియానికీ డోలక్‌కూ మధ్య దూరం అంతే కదా. అదే 1024 పెట్టారనుకోండి, డోలక్ మనిషి యాభై అడుగుల అవతల కూర్చున్నట్టు. ఇయర్‌ఫోను పెట్టుకుని పాడేవాడికి తాళం ఎట్లా నిలుస్తుంది? చిన్న బఫరు దగ్గర టపటపమని చప్పుళ్లు రాకుండా ఆ యంత్రం నిలబడిందా లేదా, అదొక్కటి చూడాలి.

ఇంత చేసినా నా గొణుగుడు తీరలేదు. ఎన్ని ట్రాకులైనా పెట్టుకోవచ్చు కదా అని ఒక్కొక్కడూ వేరేవేరే రోజు వచ్చి పాడిపోతున్నారు. తప్పితే కత్తిరించి అతికిస్తారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలియకుండా అది భజన ఎట్లా అవుతుంది?

పోయిన శ్రావణంలో పట్టుబట్టాను. మనవడు సీలింగు ఫ్యాను ఆపి, తలుపు మూసి, నలుగురినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు. మూడో చరణంలో డోలక్ తప్పింది. మనవడి చెయ్యి అలవాటుగా మౌసు మీదికి పోయింది. "మొదటి నుంచి" అన్నాను. చెయ్యి తీసి తాళాలు అందుకున్నాడు.