అటకమీది సామాను అమ్మే మనిషి

అటకమీది సామాను అమ్మే మనిషి వ్యాపారి కాడు. వ్యాపారి అమ్మడానికే కొంటాడు. ఇతడు వాడుకుందామని కొని, వాడక, చోటు చాలక అమ్ముతాడు. వయసు సాధారణంగా నలభైకీ అరవైకీ మధ్య ఉంటుంది. బట్టలారేసుకోడానికి పనికొస్తున్న ట్రెడ్‌మిల్లు, పిల్లవాడు పదో తరగతిలో వదిలేసిన కీబోర్డు, పెళ్లిలో వచ్చిన మూడు మిక్సీల్లో రెండోది, ఒకే ఒక్క వేసవి చూసిన కూలరు ఇతని సరుకు. ఇలాంటి సామానుకు ఒకప్పుడు రెండే దారులుండేవి: పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ, త్రాసులో మర్మం పెట్టుకుని వీధి వీధి తిరిగే పాతపేపర్ల మనిషి. ఇద్దరూ కాస్తో కూస్తో మోసం చేసేవాళ్లే. అయితే ఆ మోసం కిలోకి రెండు మూడొందల గ్రాములు దాటేది కాదు, పైగా ఇల్లాలి కళ్లెదుటే జరిగేది. ఇప్పుడు బేరం గుమ్మం వదిలి ఫోనులోకి వెళ్లింది. ఇల్లాలికి తెలియకుండా జరిగే సౌకర్యం ఏర్పడింది.

ఈ జాతి పుట్టింది 1995లో. అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామరు ఆక్షన్‌వెబ్ పేరుతో ఒక వేలంపాట సైటు పెట్టి, తన దగ్గరున్న చెడిపోయిన లేజర్ పాయింటరును పాటకు పెట్టాడు. అది 14.83 డాలర్లకు పోయింది. చెడిపోయిందని తెలిసే కొన్నారా అని అడిగితే, చెడిపోయిన లేజర్ పాయింటర్లు పోగుచేయడమే తన సరదా అన్నాడట కొన్నాయన. లోకంలోని అటకలన్నిటి ఆశకూ ఆయనే మూలపురుషుడు. ఆ సైటే తర్వాత ఈబే అయింది. మన దేశంలో ఈ పాటలను అలవాటు చేసిన బాజీ డాట్‌కామ్‌ను 2004లో ఈబే కొనేసింది; 2018 ఆగస్టులో ఈబే ఇండియా సైటు మూతపడింది. వేలంపాట మనవాళ్లకు తెలియక కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. కాకపోతే లడ్డూకి పాట పైకి పోతుంది, పాత సోఫాకి కిందికి పోతుంది. అందుకే ఇక్కడ వేలం సైట్ల స్థానాన్ని బేరం సైట్లు ఆక్రమించాయి. అమ్మేవాడు ఒక ధర వేస్తాడు, ఊరంతా కలిసి దాన్ని దింపుతుంది.

ఆ మొదటి ధర కోసం ఇతడు బిల్లు వెతుకుతాడు. దొరుకుతుంది కూడా, పిల్లల టీకాల కార్డు పోయినా 2014 నాటి ట్రెడ్‌మిల్లు బిల్లు పోదు. అందులో 42 వేలు ఉంటే, ఎంత వాడాం గనక, అంటూ 30 వేలు వేస్తాడు. వాడలేదన్నది నిజమే. వాడకపోవడమే దాని విలువ అని ఇతని లెక్క. బెల్టు బిగుసుకుపోయిందనీ మోటారు పలకడం లేదనీ ఆ లెక్కలోకి రావు. ఈ జబ్బు ఇతనొక్కడిదే కాదు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఊరికే ఇచ్చి, ఎంతకమ్ముతారని అడిగారు. కప్పు దక్కనివాళ్లు ఇస్తామన్న దానికి దాదాపు రెట్టింపు చెప్పారు కప్పు దక్కినవాళ్లు. 1990లో అచ్చయిన ప్రయోగమిది. కాసేపటి క్రితం చేతికొచ్చిన కప్పు మీదే అంత మమకారమైతే, పదేళ్లు లుంగీలు ఆరేసిన యంత్రం మీద ఎంతుండాలో ఊహించుకోవచ్చు. ఇతని భార్యకు ఈ జబ్బు లేదు. “మూడు వేలిచ్చినా పట్టుకుపొమ్మనండి, ఊడ్చుకోడానికి చోటన్నా మిగుల్తుంది” అంటుంది. మార్కెట్టు ధరకు ఆవిడ మాటే దగ్గర.

తర్వాతిది ఫొటోల ఘట్టం. యంత్రం మీది బట్టలన్నీ తీసేస్తాడు గాని ఒక టవలు ఉండిపోతుంది. అద్దం బీరువాకు ఫొటో తీస్తే అందులో బనీనుతో తానే కనిపిస్తాడు. నమ్మకం కలగడానికి బిల్లు ఫొటో కూడా పెడతాడు. దాని మీద పేరు, ఫ్లాటు నంబరు, ఫోను నంబరు స్పష్టంగా చదవొచ్చు. మోసగాళ్లు ఈ ఫొటోలనూ వివరాలనూ ఎత్తుకుపోయి, అదే సామాను తమదంటూ ఇంకో ఊళ్లో అడ్వాన్సులు వసూలు చేయడం ఉంది. అలా మోసపోయినవాడు బిల్లు మీది అడ్రసు పట్టుకుని వచ్చేది ఇతని గుమ్మానికే. ఇక ప్రకటనలో భాష అందరిదీ ఒకటే: సింగిల్ హ్యాండ్ యూజ్, షోరూం కండిషన్, అబ్రాడ్ వెళ్తున్నందువల్ల అమ్మకం. ఆ అబ్రాడ్ కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా ఉంటుంది.

ప్రకటన పెట్టిన పది నిమిషాల్లో ఫోను మోగడం మొదలవుతుంది. “ఉందా?” అని ఒకడు అడుగుతాడు. ఉందంటే మళ్లీ మాట్లాడడు. “లాస్ట్ ఎంత బ్రో?” అని ఇంకొకడు. 30 వేల వస్తువును 2,500కు అడిగి, ఆటో ఖర్చు మీదే అనేవాడు, ట్రెడ్‌మిల్లుకు బదులు రెండు పావురాల పంజరాలిస్తాననేవాడు, ఆదివారం పదింటికి వస్తానని ఏ ఆదివారమో చెప్పనివాడు వరసగా తగులుతారు. వీళ్లందరితో ఇతడు లాయరులా వాదిస్తాడు. ఎక్కడుంటారు, ఏం చేస్తుంటారు, నంబరు ఎవరిచ్చారు అని ఆరా తీస్తాడు. రెండొందల రూపాయల దగ్గర బేరం తెగ్గొట్టి, “నన్ను వెర్రివాణ్ని చేద్దామనుకున్నాడు” అని రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుంటాడు. నిజానికి వాళ్లు నిఖార్సయిన కొనుగోలుదారులు. డబ్బు పోతుందేమోనన్న భయం ఉన్నవాడే బేరమాడతాడు.

అసలు మనిషి ఆ తర్వాత ఫోను చేస్తాడు. హిందీ కలిసిన ఇంగ్లీషులో చాలా మర్యాదగా “సర్” అంటాడు. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర డ్యూటీ అని చెప్పి, అడక్కుండానే యూనిఫాంలో ఫొటో, గుర్తింపు కార్డు పంపుతాడు. ఆ కార్డు వేరే ఎవరిదో, దాని అసలు యజమానికి ఈ ట్రెడ్‌మిల్లు సంగతే తెలియదు. వస్తువు చూడ్డానికి రాడు, బేరమాడడు. 30 వేలకు 30 వేలు, సాయంత్రం మా బండి వచ్చి తీసుకెళ్తుంది సర్, అంటాడు. ఒక్కసారి కూడా నడవని యంత్రాన్ని చూడకుండానే పూర్తి ధరకు కొనేవాడు తారసపడితే అనుమానం రావాలి. ఇతనికి దేశభక్తి వస్తుంది. రెండొందల దగ్గర పట్టుబట్టినవాడు “మీరు దేశానికి కాపలా కాస్తున్నారు, ఒక వెయ్యి తగ్గించుకోండి” అని తనంతట తానే అనడం కూడా కద్దు.

ఆ తర్వాత ఫోనుకు ఒక క్యూఆర్ బొమ్మ వస్తుంది. దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు ఖాతాలో పడుతుందని అవతలివాడు చెబుతాడు. ముందు ఐదు రూపాయలతో పరీక్ష చేసి, పది తిరిగి పంపి మురిపిస్తాడు. ఇక్కడ సాంకేతిక విషయం చాలా చిన్నది. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో పిన్ కొట్టడమంటే మన ఖాతాలోంచి డబ్బు పంపమని బ్యాంకుకు చెప్పడం. రావలసిన డబ్బుకు పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. గుడి హుండీలో వేసేవాడు జేబులో చెయ్యి పెట్టాలి గాని, హుండీ పెట్టనక్కర్లేదు కదా. ఈ సంగతి ఇతనికి తెలియక కాదు; రోజూ కూరగాయల బండి దగ్గర పిన్ కొట్టి డబ్బు పంపుతూనే ఉంటాడు. ఆ ఘడియకు మాత్రం తెలియదు. 30 వేలు పోయాక “అయ్యో సర్, సర్వర్ తప్పు, ఇంకోసారి స్కాన్ చేయండి, రెండూ కలిపి వస్తాయి” అంటాడు సైనికుడు. ఇతడు ఇంకోసారి చేస్తాడు. మూడోసారి ఖాతాలో నిల్వ లేక ఆగిపోతుంది. చాలా సందర్భాల్లో ఇతణ్ని కాపాడింది నిల్వ లేకపోవడమే.

ఇలాంటి ముఠాల కోసం తెలంగాణ పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాకా వెళ్లారు. వ్యక్తులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు గనక ఒక ద్వారం మూతపడింది. క్యూఆర్ ద్వారం తెరిచే ఉంది. నడుమ ఉన్న సైటును నిలదీద్దామంటే అదీ చిక్కే. 2004 డిసెంబరులో బాజీ సైటులో ఎవరో ఒక అశ్లీల వీడియో అమ్మకానికి పెడితే, ఆ సంస్థ అధిపతి అవనీశ్ బజాజ్‌నే అరెస్టు చేశారు. ఆ కేసు రేపిన చర్చ తర్వాత 2008లో ఐటీ చట్టం 79వ సెక్షన్ మారి, కొన్ని జాగ్రత్తలు పాటించే మధ్యవర్తికి రక్షణ దొరికింది. మేం సంత నడిపేవాళ్లమే, బేరం మీది మీదే అని సైట్లు అనడానికి ఆధారం అదే.

మోసగాడు లేని చోట కూడా ఇతడు చిక్కు తెచ్చుకోగలడు. స్కూటరు అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, తాళంతో పాటు పసుపు కుంకుమ బొట్టు కూడా పెట్టి పంపిస్తాడు. రవాణా శాఖకు ఇవ్వాల్సిన 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి “మీరే చూసుకోండి బాబూ” అని కొన్న కుర్రాడి చేతిలో పెడతాడు. ఆ కుర్రాడు వాటిని స్కూటరు డిక్కీలో దాస్తాడు. అమ్మినట్టు 14 రోజుల్లో తెలియజేయాల్సింది అమ్మినవాడేనని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. అది జరగనందువల్ల హెల్మెట్ లేని ఫొటోలు, ముగ్గురెక్కిన ఫొటోలు, ఎర్ర లైటు దాటిన ఫొటోలు చలానాల రూపంలో ఇతని ఫోనుకే వస్తుంటాయి. ఆ కుర్రాడి దినచర్య ఇతనికి సొంత కొడుకు దినచర్యకన్నా బాగా తెలుస్తుంది. ప్రమాదం జరిగితే మాత్రం నవ్వులాట కాదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పాత ఫోను కథా ఇంతే. ఫొటోలు ఒక్కొక్కటే చూసుకుని, కళ్లు చెమర్చి, తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా ఇచ్చేస్తాడు. ఒకవేళ చేసినా, గూగుల్ ఖాతాలోంచి బయటికి రాకుండా చేస్తాడు. కొన్నవాడు తెరవబోతే ఫోను పాత యజమాని పాస్‌వర్డు అడగొచ్చు. అర్ధరాత్రి ఫోను చేసి పాస్‌వర్డు అడిగితే, ఇతడు చెప్పేస్తాడు. బ్యాంకు, ఈమెయిలు, పిల్ల కాలేజీ పోర్టలు, అన్నిటికీ అదే పాస్‌వర్డు.

ఈ జాతిలో అమెరికా శాఖ ఒకటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం మారి ఊరు మారుతున్నప్పుడు “మూవింగ్ సేల్” అని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వెట్ గ్రైండరు, ఇడ్లీ స్టాండు గంటలో పోతాయి. సోఫాని ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ రారు. బయటివాళ్లకు అమ్మబోతే, ఎక్కువ మొత్తానికి క్యాషియర్స్ చెక్కు పంపి, మిగిలింది మా సామాన్లు మోసేవాళ్లకిచ్చెయ్యండి అనేవాడు తగులుతాడు. చెక్కు మర్నాడే ఖాతాలో చూపిస్తుంది, నకిలీదని బ్యాంకు చెప్పడానికి వారాలు పడుతుంది. ఆలోగా మోసేవాళ్లకిచ్చింది ఇతని సొంత డబ్బు. ఇంకొకడు మీరు నిజమైన మనిషేనా అని ఫోనుకొచ్చిన ఆరంకెల కోడు చెప్పమంటాడు. చెబితే ఇతని నంబరు మీద వాడికొక గూగుల్ వాయిస్ నంబరు పుడుతుంది, దాంతో వాడు మరికొందరి దగ్గరికి వెళ్తాడు.

ఈబేలో అసలైన వేలంపాటకు దిగితే ఇతని అగచాట్లు వేరు. పాట ఊపందుకోవాలని కెమెరాని 99 సెంట్ల నుంచి మొదలెడతాడు. ఆరు రోజులు ఎవరూ కదలరు. ఏడో రోజు కంగారుపడి అట్లాంటాలోని బావమరిదికి ఫోను చేసి “నువ్వో రెండు పాటలు పాడరా” అంటాడు. ఇలా అయినవాళ్లతో పాట పెంచడం సైటు నిబంధనలకు విరుద్ధం. అనుభవమున్న పాటగాళ్లు చివరి పది సెకన్లలో పాడతారు. బావమరిది మాత్రం నిష్ఠగా చివరిదాకా పాడి గెలుస్తాడు. నిజాయితీపరుడు గనక డబ్బు కూడా కట్టేస్తాడు. సైటు తన కమీషను, చాలా వస్తువులకు సుమారు 13 శాతం, పోస్టు ఖర్చు మీద కూడా కలిపి తీసుకుంటుంది. ఇంట్లో కెమెరా ఇంట్లోనే ఉండి, ఇంట్లో డబ్బు తగ్గుతుంది. బయటివాడే గెలిచాడనుకుంటే, వాడు “ప్రకటనలో చెప్పినట్టు లేదు” అని వాపసు అడగొచ్చు. తిరిగి తీసుకోబోమని ముందే రాసినా ఆ కారణం చెబితే చెల్లదు. వాపసు డబ్బాలో కెమెరా బదులు అంత బరువున్న మరేదైనా రావచ్చు. కోపమొచ్చి వాడికి చెడ్డ మార్కు వేద్దామంటే అదీ కుదరదు. 2008 నుంచి ఈబేలో అమ్మినవాడు కొన్నవాడి గురించి మంచే రాయాలి, లేదా ఊరుకోవాలి.

మోసపోయాక ఇతడు మొదట చేసే పని ఆ విషయం ఇంట్లో దాచడం. 2021లో 155260గా మొదలై మరుసటి ఏడాది 1930గా మారిన సైబర్ మోసాల నంబరుకు వెంటనే ఫోను చేస్తే, డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తేలోపు దారిలో ఆపే వీలుంది. ఆలస్యమైన ప్రతి గంటకూ ఆ వీలు తగ్గుతుంది. ఇతడు ఆ గంటలన్నీ సైనికుడికి ఫోను చేయడంలో గడుపుతాడు. “సర్, మీరు ఆర్మీవాళ్లు, మీరే ఇలా చేస్తే ఎలా?” అని నచ్చజెబుతాడు. నాలుగోసారికి ఆ నంబరు పలకదు. మర్నాడు మధ్యాహ్నం, భార్య ఏటీఎం నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చి అడిగాక, 1930కి చేస్తాడు. ఫిర్యాదులో లావాదేవీ నంబరు, సమయం, బ్యాంకు పేరు, జరిగిన సంగతి రాయాలి. జరిగిన సంగతి అన్నచోట ఇతడు మొదటి మూడు వాక్యాలూ ట్రెడ్‌మిల్లు గురించే రాస్తాడు: సింగిల్ హ్యాండ్ యూజ్, షోరూం కండిషన్, ఇంకా అమ్మకానికి ఉంది.