వాయిదా

దసరాకు వారం ముందు ఆవిడ పాత చీరల మూట పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కింది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్‌లో దిగింది. అక్కడ ఓ సందులో మిషన్ మీద బొంతలు కుట్టే ఆమె ఉందని ఆఫీసులో ఎవరో చెప్పారు.

మూట ముడి బిగిసిపోయి ఎంతకీ రాలేదు. దర్జీ పంటితో లాగి విప్పింది. చీరల మధ్య పెట్టిన పేపరు పసుపెక్కి, ముట్టుకుంటే పెళుసుగా విరిగింది. నాలుగూ నూలు చీరలే. ఉతికి ఉతికి గంజంతా పోయి పసిపిల్లకు కప్పేంత మెత్తగా ఉన్నాయి.

"బొంతకు ఇంతకంటే మంచి బట్ట దొరకదమ్మా. ఎవరివి?"

"మా అమ్మవి. నల్లగొండ దగ్గర పల్లెలో ఉండేది, ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. కొన్న రగ్గు ఆమెకు పడదు. కప్పితే ఉక్క, తీస్తే చలి. ఎప్పుడిస్తారు?"

"పండగ జాకెట్లున్నయమ్మా. దీపావళి పోయినంక ఇస్త."

దీపావళి పోయింది. ఫోన్ చేస్తే వచ్చే సోమవారమంది. ఆ సోమవారానికి కార్తీకం పెళ్ళిళ్ళు అడ్డొచ్చాయి. ఆవిడ బ్యాంకులో ఎవరి పనీ మర్నాటికి మిగల్చని మనిషి. మార్గశిరం చలి ముదరగానే తల్లిని వెంటబెట్టుకుని దుకాణానికి బయల్దేరింది.

బొంత సిద్ధంగానే ఉంది. అయినా ఆవిడ ఊరుకోలేదు.

"పెద్దావిడ రాత్రంతా ముడుచుకుని పడుకుంటోంది. చేతకాకపోతే ముందే చెప్పాలి. మాటంటే విలువ లేదా?"

దర్జీ తల వంచుకుంది. "మాట తప్పిన, నిజమేనమ్మా. కానీ ఒక్కసారి చూడుండ్రి." బొంత బల్ల మీద పరిచింది. "నాలుగు పొరలు. పొర జరగకుండా ముందు చేత్తోని టాకాలెయ్యాలె. అంగుళానికో వరస అంటే ఐదడుగుల వెడల్పుకు 60 వరసలు. వరసకు ఏడడుగులు, అంటే 420 అడుగుల కుట్టు. మామూలు మిషన్ కింద ఇంత బట్ట పట్టదు. చాపలెక్క చుట్టి, సగం దాకా కుట్టి, తిప్పి మళ్ళ కుట్టాలె. తొందరపడితే కింది పొర ముడతపడ్తది, సూది విరుగుతది. జాకెట్లు ఆపితే ఇల్లు గడవదు, అవి పక్కన పెట్టిన రోజే మీ బొంత ముట్టిన."

"ఈ లెక్కలు మూట తీసుకున్న రోజే చెప్పాల్సింది," అందావిడ.

ఆ మాటలో న్యాయముంది. మిషన్ పనే కదా, రెండు రోజుల్లో అయిపోతుందనుకుంటాం. అడ్వాన్సు ఇచ్చే ముందే పండగలూ ముహూర్తాలూ కలుపుకుని గడువు అడగాలి. దర్జీ కూడా కుదరని తేదీ చెప్పకూడదు. మంచి కుట్టుకు నెల ఆగినా నష్టం లేదు. చలికి కప్పుకునేదైతే మాత్రం వానలుండగానే ఇచ్చెయ్యాలి.

ఈ మాటలేవీ పట్టనట్టు ముసలామె వేళ్ళతో వరసలు తడుముతోంది. పోచంపల్లి అంచు దగ్గర చెయ్యి ఆగింది. బొంత తీసి భుజాల చుట్టూ కప్పుకుంది. దర్జీని దగ్గరికి పిలిచి తల నిమిరింది.

"మంచిగ కుట్టినవు బిడ్డా."

"నువ్వూరుకో అమ్మా," అంది కూతురు. "నిన్ను రెండు నెలలు చలికి వదిలేసిన మనిషిని మెచ్చుకుంటావా?"

ముసలామె కూతురి వైపు తిరిగింది. గొంతులో కోపమేమీ లేదు.

"ఆమెకు పైసలియ్యి బిడ్డా, ఏమనకు. ఆమె రెండు నెలలే ఆపింది. కుట్టియ్యమని మూట గట్టి నీ చేతిల వెట్టినంక నాకిది మూడో చలికాలం."