గంట కొట్టేలోపు: సాలార్‌జంగ్ గడియారం ఆత్మకథ

నయాపూల్ దాటి మూసీ దక్షిణపు ఒడ్డున కొద్దిగా నడిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. అందులో ఒకరికొకరు తెలియనివాళ్లంతా ఒకచోట చేరి, ఒకే వైపు చూస్తూ, ఒకే క్షణం కోసం ఎదురుచూసేది గడియారం దగ్గరే. కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారి ఆ సంగీత గడియారమే ఈ కథ చెబుతున్నది. గంటలు కొట్టడానికే తప్ప ‘నేను’ అనడానికి దానికి గొంతు లేదు. అందుకని తన సంగతి కూడా ఇంకెవరి సంగతో చెప్పినట్టే చెప్పుకొస్తుంది.

ఈ గడియారం పుట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో. ఒంట్లో 350కి పైగా భాగాలున్నాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశాక, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. పుట్టు పూర్వోత్తరాలు ఇంతే. గడియారానికి అసలు బతుకంతా గంటకూ గంటకూ మధ్య తన ఎదుట కూర్చునే జనమే.

దీని పని చూసినవాళ్లకు తెలుసు. కమ్మరి బొమ్మ ఒకటి సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటుంది. గంట కావస్తుండగా పై గది తలుపు తెరుచుకుని ఇంకో బొమ్మ, గడ్డపాయన, బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు. పన్నెండు దెబ్బలుంటాయి కనుక మధ్యాహ్నం పన్నెండుకు జనం ఎక్కువ. చోటు దొరకదేమోనని ముందే వచ్చి కూర్చుంటారు. కూర్చున్నాక ఊరికే ఉండలేరు కదా. పిల్లలతో వచ్చినవాళ్లయితే మాట ఇట్టే సినిమా మీదికి పోతుంది.

అందుకో కారణముంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. కొత్త సినిమాలు వచ్చేదీ ఎక్కువగా శుక్రవారమే. జిల్లాల నుంచి బంధువుల ఇంటికొచ్చిన కుటుంబం ముందు రోజు సినిమాకు పోయి, మర్నాడు చార్మినార్, పత్తర్‌గట్టి తిరిగి, మదీనా దగ్గర చాయ్ తాగి ఇటు వస్తుంది. కాబట్టి శని, ఆదివారాల్లో ఇక్కడ వినిపించే మాటలు ఇంకా చల్లారని మాటలు. పేపర్లో సమీక్ష చదివి చెప్పేవి కావు. పక్కన కూర్చున్న పిల్లాడు ఎక్కడ నవ్వాడు, ఎక్కడ కళ్లు మూసుకున్నాడు, ఎక్కడ పాప్‌కార్న్ అడిగాడు అన్న లెక్కతో తేల్చినవి.

‘ముఫాసా’ వచ్చిన రోజులు ఈ గడియారానికి బాగా గుర్తు. 2024 డిసెంబరు 20న విడుదలైంది. తెలుగులో ముఫాసాకు మహేశ్‌బాబు గొంతు. హిందీలో అదే సింహానికి షారుఖ్ ఖాన్ గొంతు, చిన్ననాటి ముఫాసాకు ఆయన చిన్న కొడుకు అబ్రామ్ గొంతు, సింబాకు పెద్ద కొడుకు ఆర్యన్ గొంతు. ఊళ్లో ఇంకెక్కడైనా ఈ రెండు సింహాలూ విడివిడిగా తిరిగి ఉంటాయి గానీ, నయాపూల్ దగ్గర మాత్రం ఎదురుపడ్డాయి. తెలుగులో చూసిన పిల్లాడూ, హిందీలో చూసిన పిల్లాడూ పక్కపక్కనే కూర్చున్నారు. ముఫాసా ఎట్లా మాట్లాడతాడో చేసి చూపించమని ఒకడు, నువ్వే ముందు చెయ్యమని ఇంకొకడు. వాళ్ల తల్లుల మాట వేరే దారిన పోయింది. కరీంనగర్ నుంచి వచ్చినామె అంది: “గొంతు విన్నంక సింహం మొకం యాదికి లేదక్కా. మహేశ్‌బాబే మాట్లాడ్తుండు అనిపించింది.” యాకుత్‌పురా నుంచి వచ్చినామె నవ్వింది. తన చిన్నకొడుకు సినిమా అయిపోయేదాకా అబ్రామ్ ఎక్కడ కనిపిస్తాడా అని చూస్తూనే ఉన్నాడట.

గొంతు ఇంత పని చేస్తుందని డబ్బింగ్ వాళ్లు ముందే కనిపెట్టారు. 2019లో ‘ది లయన్ కింగ్’కు సింబాగా నాని, స్కార్‌గా జగపతిబాబు, టిమోన్, పుంబాలుగా ఆలీ, బ్రహ్మానందం మాట్లాడారు. అదే ఏడాది ‘అల్లాద్దీన్’లో జీనీకి వెంకటేశ్ గొంతిచ్చారు. ‘ఫ్రోజెన్ 2’లో ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నారి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార. పేరున్న గొంతులు పెట్టడం ప్రచారం కోసమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఈ గడియారం ఒప్పుకోదు. హాలీవుడ్ సినిమాలోని అడవిపంది మన బ్రహ్మానందం గొంతుతో విసుక్కుంటే, ఇంగ్లిష్ రాని నాయనమ్మ కూడా మనవడితో పాటు అదే క్షణంలో నవ్వుతుంది. ఆ నవ్వు కలవడం కోసమే కదా ఇంటిల్లిపాదీ టికెట్లు కొనుక్కున్నది.

ఆ సింహాల మీద ఫిర్యాదూ ఉంది. 1994 నాటి ‘లయన్ కింగ్’ చేత్తో గీసిన బొమ్మల సినిమా. 2019లో వచ్చినది, తర్వాత ‘ముఫాసా’, కంప్యూటర్లో అచ్చం నిజం సింహాల్లా చేసినవి. వెంట్రుక వెంట్రుకా గాలికి కదులుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు నాన్నకు చెప్పిన మాట ఇది: “ఏడ్సేటప్పుడు గూడ దాని మొకం అట్లనే ఉంది నాన్నా. ముఫాసా ఎవరో వాడితో పెరిగిన టాకా ఎవరో మాటిమాటికీ గుర్తుపట్టాల్సొచ్చింది.”

ఈ మాట గడియారం చాలాసేపు మనసులో పెట్టుకుంది. ఎందుకంటే గడ్డపాయన మొహంలో ఒక్క గీత కూడా కదలదు. వచ్చేటప్పుడు ఎట్లా ఉంటుందో, పోయేటప్పుడూ అట్లానే. అయినా పిల్లలు ఒకడు ‘కోపంగా ఉన్నాడు’ అంటాడు, ఒకడు ‘నిద్ర లేపారని అలిగాడు’ అంటాడు. లేని భావాన్ని వాళ్లే తెచ్చి అతికిస్తారు. బొమ్మ బొమ్మలా ఉన్నంతసేపూ చూసేవాడు ఇంత ఉదారంగా ఉంటాడు. నిజం సింహంలా కనిపించిందా, ఇక నిజం సింహం నుంచి అడగవలసినవన్నీ అడుగుతాడు. కోట్లు పోసి వెంట్రుకలు లెక్కపెట్టి గీసేవాళ్లకు ఈ ఎనిమిదేళ్లవాడి మాట ఎవరైనా చేరవేస్తే బాగుండును.

2025 జులై 25న ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. దర్శకుడు అశ్విన్ కుమార్. హోంబలే ఫిల్మ్స్ సమర్పణ, తెలుగు నాట పంపిణీ గీతా ఆర్ట్స్. మొదటి వారాంతం ఇక్కడ పెద్దగా మాట వినిపించలేదు. రెండో వారం నుంచి మారింది. పిల్లలు పెద్దలను తీసుకెళ్లిన సినిమాలుంటాయి. ఇది పెద్దవాళ్లు పిల్లలను పట్టుకుపోయిన సినిమా. వసూళ్లు 300 కోట్లు దాటాయి. మన దేశపు యానిమేషన్ సినిమాల్లో ఏదీ అంత దూరం పోలేదు.

బొమ్మలు గొప్పగా ఉన్నాయని ఈ గది ఎన్నడూ అనలేదు. మనుషుల నడక బిరుసుగా ఉందన్నారు, వీడియో గేమ్‌లా ఉందన్నారు. ఆ వెంటనే, వరాహమూర్తి హిరణ్యాక్షుడితో తలపడ్డ చోట ఒళ్లు జలదరించిందన్నారు. స్తంభం పగిలినప్పుడు హాల్లో చెప్పులు వదిలి నిలబడ్డామని చెప్పినవాళ్లూ ఉన్నారు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ తీర్పు మరింత నిక్కచ్చిగా ఉంది: “పిలగాని బొమ్మ నాకంత నచ్చలే. మా చిన్నప్పటి సిన్మల రోజారమణి ప్రహ్లాదుడంటే ప్రహ్లాదుడే. గానీ నర్సింహస్వామి వచ్చినప్పుడు మాత్రం, అగో, యాదగిరిగుట్టల ఉన్నట్టే అనిపించింది.”

ఆ అవ్వ పోలిక తెచ్చింది 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’తో. అందులో హిరణ్యకశిపుడు ఎస్.వి.రంగారావు. అంతకు ముందు 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన మొట్టమొదటి తెలుగు టాకీ కూడా ‘భక్త ప్రహ్లాద’యే. అంటే తెలుగు తెర నోరు విప్పిందే ఈ కథతో. తొంభై ఏళ్ల తర్వాత అదే కథ బొమ్మల్లో వస్తే, దాన్ని ‘పిల్లల సినిమా’ అని పక్కన పెట్టే ఆలోచన ఆ అవ్వకు రానే రాలేదు. ‘పాతాళభైరవి’ మాంత్రికుణ్ని చూసి పెరిగిన తరం ఆమెది. 1957 ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీ కెమెరా ముందు లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడటం చూసి నమ్మిన తరం. అద్భుతాలు పిల్లలకు, సంసారం కథలు పెద్దలకు అన్న పంపకం తెలుగు ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆ పంపకం చేసుకున్నది సినిమా వ్యాపారం. దాన్ని చెరిపేసింది మాత్రం ఇక్కడ వచ్చి కూర్చునే జనమే.

ఒక తల్లికి మాత్రం గట్టి అభ్యంతరమే ఉంది. గోళ్లతో చీల్చే ఘట్టం దగ్గర ఐదేళ్ల కూతురి కళ్లు మూయాల్సి వచ్చిందట. “పురాణం చెప్పేటప్పుడు మనం అక్కడ రెండు ముక్కల్లో దాటేస్తాం. సినిమా దాటెయ్యదు,” అంది. ఆమె పక్షాన వాదించడానికి ఆ రోజు ఎవరూ దొరకలేదు. గడియారం మాత్రం ఆమె పక్షమే.

పాత సినిమాలు తిరిగి వచ్చినప్పుడు మాటలు వేరుగా ఉంటాయి. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలై, సరిగ్గా 35 ఏళ్లకు 2025 మే 9న త్రీడీలో మళ్లీ తెరకెక్కింది. తండ్రులు పిల్లలకు తమ చిన్ననాటి సంబరం చూపించబోయారు. పిల్లలు అద్దాలు ముక్కు మీద నిలవక ఇబ్బంది పడ్డారు, శ్రీదేవి ఉంగరం పోయినప్పుడు మాత్రం కదలకుండా చూశారు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ గురించి అయితే ఇంట్లో రెండు తరాలూ నచ్చిందన్న ఒకే మాట మీద ఉన్నాయి. అంజనాద్రి ఊరు తమ ఊరిలాగే ఉందని పెద్దలు, కోతి బాగుందని పిల్లలు.

ఈ జనంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దాన్ని చెప్పకుండా గడియారం ఉండలేదు. వాళ్లు మెచ్చుకునే బొమ్మల్లో కొన్ని ఈ ఊళ్లోనే ప్రాణం పోసుకున్నాయి. ‘ఛోటా భీమ్’ హైదరాబాద్ వాడు. రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో వాణ్ని టీవీలోకి పంపింది. ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌కు 2013లో ఆస్కార్ వచ్చింది కదా, ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి ఇక్కడా స్టూడియో ఉండేది, ఇక్కడివాళ్లూ ఆ సినిమాకు పనిచేశారు. అవార్డు వచ్చిన నెలలోనే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తెలుగులో తీసిన ‘కిట్టు’కు 2006 సంవత్సరపు జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రం పురస్కారం దక్కింది. ‘భైరవద్వీపం’ తీసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ‘ఘటోత్కచ్’ను బొమ్మల్లో తీశారు. ఈ సంగతులేవీ ఈ గదిలో ఎవరి నోటా రావు. చెయ్యి మనదే, పేరే మనది కాకుండా పోయింది. గడ్డపాయన ఒక్కడినే చూసి, సెకను సెకనుకూ సుత్తి వేసే కమ్మరిని చూడకుండా లేచిపోయే జనాన్ని రోజూ చూస్తుంది కనుక ఈ బాధ గడియారానికి లోతుగా తెలుసు.

సినిమా ఎలా ఉందన్న మాటతో పాటు ఏ వేళ చూశామన్న మాటా వస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే, ఇదే ఒడ్డున హైకోర్టు ఉంది. 2025 జనవరిలో ఆ కోర్టు పదహారేళ్ల లోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత థియేటర్లలోకి రానివ్వొద్దంది. మార్చిలో ఆ ఆంక్షను సడలించింది. ఈలోగా తల్లిదండ్రుల మధ్య వాదన సాగింది. మ్యాట్నీకి పోతే పిల్లలు మెలకువతో చూస్తారని ఒకరు, పని దినాల్లో సెకండ్ షో తప్ప మాకు వీలేదని ఒకరు. బజారులో కొట్టు మూసేసరికే రాత్రయ్యే నయాపూల్ చుట్టుపక్కల మనుషులకు ఇది చిన్న సమస్య కాదు.

తరువాతి సినిమా మీద అప్పుడే తీర్పులు మొదలయ్యాయి. ‘మహావతార్’ వరసలో 2027కు పరశురాముడి కథ రానుందని నిర్మాతలు ప్రకటించారు. ఆ కబురు మనవడు చెప్పగానే ఇందాకటి నల్లగొండ అవ్వ సర్దుకు కూర్చుంది.

“పరశురాముడంటే ఎవరనుకున్నవ్? మన ఎల్లమ్మ కొడుకే గదా. రేణుకెల్లమ్మ.”

“బల్కంపేట ఎల్లమ్మనా?”

“ఆ తల్లే. తండ్రి మాట మీద కొడుకే తల్లి తల నరికిండు. బైండ్లోళ్లు జమిడిక మీద చెప్తుంటే ఊరంత ఏడ్సేది. మరి గది పిల్లలకు ఎట్ల చూపిస్తరో?”

మనవడు ఆలోచించాడు. తల్లి ఫోన్ పక్కన పెట్టి వింటోంది. మొన్న కూతురి కళ్లు మూసిన తల్లి లేవనెత్తిన సంగతే ఇది.

“చూపియ్యకుంటే?” అన్నాడు వాడు.

“చూపియ్యకుంటే ఆమె మళ్ల ఎట్ల బతికొచ్చిందో ఏం చెప్తరు? చూపియ్యాలె. గానీ ఎల్లమ్మ దిక్కు నుంచి చూపియ్యాలె, గొడ్డలి దిక్కు నుంచి కాదు.”

పైన తలుపు తెరుచుకుంది. వాడు తల ఎత్తలేదు. ఎల్లమ్మ మళ్లీ ఎట్లా బతికిందో ముందు చెప్పమని అవ్వ మోచెయ్యి పట్టి లాగుతున్నాడు.