మాండొలిన్ ముట్టకుండానే విద్వాంసులు కండి

బెజవాడలో ఉండి, చేతిలో కాస్త డబ్బూ సాయంత్రంపూట కాస్త తీరికా ఉన్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు మాండొలిన్ నేర్చుకోవాలనిపిస్తుంది. అనిపించడం తప్పు కాదు. నిజంగా వచ్చేస్తేనే చిక్కు. వచ్చిందని తెలిస్తే ప్రతి పెళ్ళికీ, ప్రతి గృహప్రవేశానికీ ఊరికే వాయించమంటారు. కింది చిట్కాలు పాటించండి. విద్య మీ గుమ్మం తొక్కదు, పేరు మాత్రం వచ్చి కూర్చుంటుంది.

1. ముందు పేరు మార్చండి. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. తర్వాత లోకమంతా ఆయన్ని మాండొలిన్ శ్రీనివాస్ అంది. అందుకు ఆయన చిన్నప్పట్నుంచీ సాధన చెయ్యాల్సి వచ్చింది, పాపం. మీకు గవర్నర్‌పేటలో కార్డులు అచ్చేసే కొట్టు చాలు. ‘మాండొలిన్’ అని పెద్దక్షరాల్లో వేయించి, దాని కింద మీ పేరు వేయించండి. వాద్యం తర్వాత కొనుక్కోవచ్చు.

2. కొనేటప్పుడు రంగు చూడండి. తీగకీ మెట్టుకీ మధ్య చిటికెనవేలు దూరేంత ఎడం ఉంటే అదే ఖాయం చేసుకోండి. ఎంత నొక్కినా స్వరం పలకదు. తప్పు వాద్యానిది.

3. తీగలు పీకెయ్యండి. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా నాలుగు వరసలు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బిల్ మన్రో అని ఒకాయన ఉండేవాడు, బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడు. చిన్నప్పుడు ఇంట్లో ఫిడేలూ గిటారూ అన్నలు పట్టేసుకుంటే ఆయనకి మాండొలిన్ మిగిలింది. అదీ మరీ మోత చెయ్యకుండా నాలుగు తీగలు తీయించేశారట. మన శ్రీనివాస్ కూడా గమకాలు పలకాలని జంట తీగలు మానేసి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి వచ్చారు. (తర్వాత అయిదో తీగ చేర్చారు. ఆ సంగతి మనకి అనవసరం.) ఇద్దరు మహానుభావులు తీగలు తగ్గించుకుంటూ వచ్చారంటే దారి ఎటో తెలుస్తూనే ఉంది గదా. వాళ్ళు సగంలో ఆపారు, మీరు పూర్తి చెయ్యండి. తీగలు లేని మాండొలిన్ శ్రుతి తప్పదు, వేళ్ళు కొయ్యదు, కృష్ణ మీది తేమగాలికి తుప్పు పట్టదు. అర్ధరాత్రి సాధన చేసినా పక్క వాటావాళ్ళు తలుపు కొట్టరు.

4. గురువుని జాగ్రత్తగా ఎంచుకోండి. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయించేవారు కారు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగల మీద పలికించేవాడు. ఇందులో రెండో సగం వదిలెయ్యండి. మొదటి సగాన్ని బట్టి మాండొలిన్ రాని ప్రతివాడూ మీకు గురువుగా పనికొస్తాడు. బావమరిదిని అడగండి, ఫీజు కాఫీతో సరిపోతుంది. ఊళ్ళో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, దానికి తొలి ప్రిన్సిపాలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆ వీధిలో పని పడితే చుట్టు తిరిగి వెళ్ళండి. సరళీ వరసలు మూడు కాలాల్లో వాయించమనే మనుషులు అక్కడ తగలొచ్చు.

5. మూడు కాలాలకీ ఉపాయం ఉంది. ఫోన్‌లో పాఠం పెట్టి రెట్టింపు వేగంలో చూడండి. రెండో కాలం అయిపోయినట్టే. దాన్నే వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి, రెండు ఫోన్లలో పెడితే మూడో కాలం.

6. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. ఏడాది పొడుగునా సరిపడా ఉన్నాయి, ఒకదాన్నే అరగదీయకండి. రోహిణి కార్తెలో పెట్టె తెరిస్తే చెక్క బీటలిస్తుంది. ఆషాఢం కొత్త పనికి పనికిరాదు. శ్రావణంలో ఇంటినిండా పేరంటాళ్ళు. భాద్రపదంలో వీధి వినాయకుడి మైకు. దసరాకి దుర్గమ్మ దర్శనానికని దిగిన చుట్టాలు మీ మంచం మీదే పడుకుంటారు, మాండొలిన్ అటక ఎక్కుతుంది. కార్తికంలో వనభోజనాలు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుడి మైకు, నిద్ర చాలదు. సంక్రాంతికి పల్లె. మాఘంలో పెళ్ళిళ్ళు. తర్వాత పరీక్షలు, మీకు పిల్లల్లేకపోతే పక్కింటివాళ్ళ పిల్లలవైనా సరే, మనకి మానవత్వం ముఖ్యం. ఉగాదినాడు పంచాంగం తెప్పించి, మీ రాశికి అవమానం ఎంతో చూడండి. మూడు దాటితే ఆ ఏడు వాద్యం జోలికే పోవద్దని శాస్త్రం చెప్పినట్టు చెప్పండి.

7. వాయించమనేవాళ్ళని దారి మళ్ళించండి. తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన “ఏదీ, మోహనం ఓ నాలుగు ముక్కలు వాయించు నాయనా” అంటే, “నాది బ్లూగ్రాస్ అండీ బాబాయిగారూ” అని వినయంగా తల వంచండి. డాలస్ నుంచి వచ్చిన మేనల్లుడికి బ్లూగ్రాస్ తెలిసే ప్రమాదం ఉంది. వాడితో మాత్రం “మనది శుద్ధ కర్ణాటకంరా అల్లుడూ” అనండి. ఇద్దరినీ ఒకే పూట భోజనానికి పిలవకండి. ఖర్మకాలి కలిశారనుకోండి, ఫ్యూజన్ అనెయ్యండి. శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు కదా అని ఒక ముక్క కలిపితే, మిమ్మల్ని కూడా వాళ్ళ పక్కనే కూర్చోబెట్టుకుంటారు.

8. ఎంత తప్పించుకున్నా ఒకనాటికి మీ పేటలో నవరాత్రి పందిరి కచేరీ మెడకి చుట్టుకుంటుంది. ఒప్పుకోండి, శాలువా ఉంటుంది. పక్కన గట్టి వయొలిన్ విద్వాంసుణ్ణి కూర్చోబెట్టుకుని, శ్రుతిపెట్టె గొంతు పూర్తిగా పెంచి, మీ మైకు వైరు కాలికింద పెట్టుకోండి. వెనక వరసవాళ్ళకి ఎవరు వాయిస్తున్నారో తేలదు. ముందు వరసలో కార్యదర్శిగారి బంధువులే, వాళ్ళు వినరు. వర్ణం అవుతూనే మృదంగం వైపు తిరిగి తని ఆవర్తనం వదిలెయ్యండి. తనిలో మీరు తాళం వేస్తే చాలు, తాళం కూడా రాకపోతే కళ్ళు మూసుకుని తలూపండి. కరెంటు పోతే మీ అదృష్టం; పోకపోతే స్విచ్చి దగ్గర కూర్చున్న కుర్రాడితో ముందే మాట్లాడుకోండి. మంగళం ప్రేక్షకుల చేత పాడించండి. శాలువా కప్పాక కవరు అక్కడే విప్పి చూసుకోండి, తర్వాత అడిగితే కార్యదర్శిగారు దొరకరు.