టాపు లేపే బండి

జూబ్లీహిల్స్‌లో టాపు తీసిన కారు ఒక్కటి కనబడితే చాలు, చూసిన కుర్రాడికి మర్నాటికల్లా ఢిల్లీ సెకండ్ హ్యాండ్ ధరలు కంఠతా వచ్చేస్తాయి. అక్కడ చవకే మరి. పదేళ్లు దాటిన డీజిలు బండ్లకూ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకూ 2018లో సుప్రీంకోర్టు కళ్లెం వేశాక, వయసు మళ్లుతున్న సోకులరాయుళ్లు దక్షిణాది దారి పట్టారు.

ఆడి ఎ3 క్యాబ్రియోలేనే తీసుకోండి. 2014లో మన దేశంలోకి దిగినప్పుడు ధర దాదాపు 45 లక్షలు. గుడ్డ పైకప్పు 18 సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పోతూ కూడా. అమీర్‌పేటలో ఆ వేగం దాటే ప్రమాదం ఎలాగూ లేదు!

కొన్నాక అసలు కథ. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, టాపు చుట్టూ ఉన్న రబ్బరు సీళ్లు ఓ లెక్కా? నీరు పోయే సన్నని గొట్టాల్లో వేపాకు ఇరుక్కుంటే తొలకరి వాన నేరుగా కార్పెట్ కిందికి దిగుతుంది. అక్కడి నుంచి వైరింగ్‌కి. హైడ్రాలిక్ పంపు మొరాయిస్తే టాపు సగంలోనే ఆగి ఆకాశం చూస్తుంది.

ఢిల్లీ బండిని ఏడాదికి మించి ఇక్కడే తిప్పితే ఎన్‌వోసీ, కొత్త నంబరు, లైఫ్ ట్యాక్స్ అదనం.

అయినా కొంటారా? అయితే టాపు పదిసార్లు తెరిపించి మూయించండి. పైన రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. వద్దన్న అమ్మకందారుకు అక్కడే దండం పెట్టి వచ్చేయండి.