నా పేరు 14

దంతవైద్యుల లెక్కలో నా పేరు 14. పై దవడ, కుడివైపు, కోరపన్ను వెనకే నా చోటు. పదహారేళ్ల పిల్లకి క్లిప్పులు వేయాలంటే చోటు చాలదన్నారు. పుచ్చలేదు, కదల్లేదు, అయినా నన్నూ ఎడమవైపు నా జంట 24నీ ఒకే రోజు పీకేశారు. పాలపళ్లమైతే పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరేవాళ్లు. మాకు థైమాల్ సీసా దక్కింది. ఒకటే వాము వాసన!

కొన్నాళ్లకి ఓ ఎండీఎస్ విద్యార్థిని మమ్మల్ని బయటికి తీసింది. రంగు మాలోంచి ఎంత వేగంగా దిగుతుందో కొలవడం ఆమె థీసిస్. నీళ్లు పోస్తూ డైమండ్ బ్లేడుతో కోసి, చెరొక మిల్లీమీటరు మందం బిళ్ల చేసింది.

అప్పటిదాకా నేను రాయిననుకున్నాను. పైన ఎనామిల్ రాయే, బరువులో 96 శాతం ఖనిజం. దాని కింది డెంటిన్ మాత్రం జల్లెడ. లోపలి గుజ్జు దగ్గర చదరపు మిల్లీమీటరుకి 45 వేల పైచిలుకు గొట్టాలు. పైకి వచ్చేకొద్దీ పలచబడి, సన్నబడి, వెడల్పు ఒక మైక్రానులోపుకి వస్తుంది. వాటి నిండా ద్రవం. ఐస్‌క్రీం తగిలితే జివ్వుమనేది ఆ ద్రవం కదిలే. ముసలి పళ్లలో ఈ గొట్టాలు ఖనిజంతో పూడిపోతాయి, అందుకే కొలతల పట్టీలో వయసు రాయాలి. ఆమె రాసింది, మెచ్చుకోవాలి.

కోసిన పొడి గొట్టాల నోళ్లు మూసేస్తుంది కనుక ముందు దాన్ని కడిగింది. నన్ను రెండు గాజు గదుల మధ్య బిగించి, ఒకవైపు మిథిలీన్ బ్లూ, రెండోవైపు మామూలు నీళ్లు పోసింది. 1876లో జర్మనీలో బట్టల అద్దకానికి పుట్టిన రంగు అది. గంటగంటకీ ఆ నీళ్లు కొంచెం తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి చూసేది. ఆరు గంటలైనా నీలం జాడ లేదు. ‘గట్టి పన్ను’ అని రాసుకుంది.

నాకు ఒళ్లు మండింది. బిగించే ముందు, భోజనానికి వెళ్తూ నన్ను ఫ్యాను కింద వదిలేసిందెవరు?

ల్యాబ్ అటెండరు చూశాడు. “మేడమ్, అది ఎండిపోయింది. లోపల గాలి కూర్చుంటే రంగెట్లా దిగుద్ది?”

24ని తడి ఆరనివ్వకుండా బిగించింది. మొదట అక్కడా ఏమీ రాలేదు. మిథిలీన్ బ్లూది ధనావేశం, గొట్టాల గోడలకి అంటుకుపోతుంది. గోడల ఆకలి తీరాకే అవతలికి దిగుతుంది. 1855లో ఫిక్ చెప్పిన లెక్కలో దూరం రెట్టింపైతే కాలం నాలుగింతలు; ఈ అంటుకునే గుణం దాని మీద అదనం. మూడోనాడు నీళ్లలో లేత నీలం కనిపించగానే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

తర్వాత పుస్తకం తెరిచి, నా పేరు పక్కన ‘గట్టి పన్ను’ కొట్టేసి ‘మళ్లీ’ అని రాసింది. నేనింకా పళ్లెంలోనే ఉన్నాను, ఒకవైపు మాత్రం నీలంగా.